ఎవరు చేశారో చెప్పే పెట్టె

ఆసుపత్రి మూడో అంతస్తులో, ఒకప్పుడు చీపుళ్ళూ బకెట్లూ పెట్టుకున్న గదిలో, పలకంత వెడల్పున నల్లటి పెట్టె ఒకటుంది. దాన్ని గేట్‌వే అంటారు. డాక్టర్లు ఇంటి దగ్గర కూర్చుని రోగుల రిపోర్టులు చూడాలంటే ఆ పెట్టె ఒప్పుకోవాలి. పెట్టె ఒప్పుకోవాలంటే దాన్ని చూసుకునే అతను ఒప్పుకోవాలి. అందుకే అందరూ అతన్ని ద్వారపాలకుడు అనేవాళ్ళు. వెటకారానికే అంటున్నారని తెలిసినా లోలోపల అతనికి బాగానే ఉండేది. కిరీటం ఒక్కటే తక్కువ.

తనిఖీకి వచ్చినవాళ్ళు ఆ పెట్టెకు ఆడిట్ లాగింగ్ పెట్టమన్నారు. అంటే ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారో, ఏ సెట్టింగు మార్చారో పెట్టె తనంతట తనే రాసిపెట్టుకుంటుంది. అతను సోమవారం టీ తాగి, సరిగ్గా పదకొండింటికి, సూపరింటెండెంటును పిలిచి మరీ ఆయన కళ్ళముందే ఆన్ చేశాడు.

"ఇకమీదట చీమ చిటుక్కుమన్నా తెలిసిపోతుంది సార్" అన్నాడు.

చీమల సంగతేమో గానీ, గురువారం మధ్యాహ్నం రెండున్నరకు డాక్టర్లు రోజూలాగే ఇళ్ళ నుంచి లోపలికి రాబోతే పెట్టె ఒక్కరినీ రానివ్వలేదు. ఎవరో డాక్టర్ల జాబితా మొత్తం తీసేశారు. మళ్ళీ ఎక్కించేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఈలోగా ఒక ఆపరేషన్ ఆగింది. రోగి క్షేమంగానే ఉన్నాడు గానీ సూపరింటెండెంటు కోపం చల్లారలేదు.

అతను దర్జాగా లాగ్ తెరిచాడు. జాబితా తీసేసిన వరస ఒక్కటే చూశాడు: సమయం పన్నెండూ పది. తీసేసింది అడ్మిన్.

అడ్మిన్ పేరుతో పెట్టెలోకి వెళ్ళేది ఇద్దరే. ఒకరు తను, రెండోవారు కొత్తావిడ. పిల్లల పెంపకంలో పడి తొమ్మిదేళ్ళు ఇంట్లో ఉండిపోయి, మళ్ళీ ఉద్యోగానికి వచ్చిన మనిషి. ఆర్నెల్ల ట్రయల్ వచ్చే సోమవారంతో ముగుస్తుంది. ఉద్యోగం ఖాయమా కాదా అన్నది ఆ రోజు తేలుతుంది.

పన్నెండూ పదికి అతను క్యాంటీన్‌లో భోజనం చేస్తున్నాడు, పక్కన నలుగురు సాక్షులు. గదిలో ఉన్నది కొత్తావిడ ఒక్కతే.

"నేనేమీ ముట్టుకోలేదు సార్" అందావిడ.

"ముట్టుకోలేదని మీరంటున్నారమ్మా. లాగ్ ఏమంటోందో చూశారుగా" అన్నాడు అతను, బోలెడంత జాలి నటిస్తూ.

ఆ రోజు రెండు దాటాక, కేబుల్ మార్చడానికి ఆవిడను పక్క భవనానికి పంపి, అతను కూడా ఒక పాత జాబితా తీసేశాడు. అది అతనికి గుర్తుంది. కానీ పన్నెండూ పది ఎక్కడ, రెండు ఎక్కడ.

శుక్రవారం ఉదయం కొత్తావిడను సూపరింటెండెంటు గదికి పిలిచారు. వెనకాలే అతను సాక్ష్యం పట్టుకెళ్ళాలి. సాక్ష్యమంటే నిండుగా ఉండాలని సోమవారం నుంచి మొత్తం ప్రింటు తీశాడు. మొదటి పేజీ, మొదటి వరస: లాగింగ్ ప్రారంభం, సోమవారం, ఉదయం తొమ్మిది గంటలు.

తొమ్మిదేమిటి? తొమ్మిదింటికి అతను బస్సులో ఎవరి చంకలోనో తల దూర్చి నిలబడి ఉన్నాడు. ఆన్ చేసింది పదకొండింటికి, సాక్షాత్తూ సూపరింటెండెంటు ముందు. అంటే పెట్టెలో గడియారం రెండు గంటలు వెనక ఉంది. చీమల్ని పట్టబోయిన మహానుభావుడు టైము సరిచూడడం మరిచిపోయాడు. పన్నెండూ పదికి రెండు గంటలు కలిపాడు. రెండూ పది అయింది. ఏమైనా తేడా వస్తుందేమోనని మళ్ళీ కలిపాడు. రాలేదు. పరిగెత్తుకెళ్ళి చూస్తే, తను తీసేశాననుకున్న పాత జాబితా ఇంకా అక్కడే కులాసాగా ఉంది. తీసేసింది దాని కింది వరసలో ఉన్న డాక్టర్ల జాబితాను.

వెంటనే ఒక పాడు ఆలోచన వచ్చింది. ఈ మొదటి పేజీ చింపేసి, గడియారం సరిచేసేస్తే? కానీ గడియారం ముట్టుకున్నా లాగ్‌లో పడుతుంది. అంత శ్రద్ధగా పెట్టి చచ్చాడు మరి.

భార్యకు ఫోన్ చేశాడు.

"నేను పొరపాటు చేశానేమో."

"మధ్యలో ఆ 'ఏమో' ఎందుకండీ?" అంది ఆమె. సంగతంతా విని, "ఆవిడ ఉద్యోగం పోతుందా?" అని అడిగింది.

"పోవచ్చు."

"మరి నాతో మాట్లాడుతూ కూర్చున్నారేం?"

అతను వెళ్ళేసరికి కొత్తావిడ తల వంచుకుని నిలబడి ఉంది. సూపరింటెండెంటు చేతిలో ఆవిడ రాసిన ఉత్తరం.

"మీ ప్రింట్లు అక్కర్లేదండీ. తప్పు తనదేనని ఆవిడే రాసిచ్చారు" అన్నాడాయన.

దారిలో మూడు నాలుగు పెద్ద మాటలు కూర్చుకున్నాడు గానీ ఒక్కటీ నోటికి రాలేదు. కాగితాలు బల్ల మీద పెట్టి, మొదటి వరస మీద వేలు ఆనించి, "తీసేసింది నేనండీ. గడియారం చూసుకోలేదు" అన్నాడు. అర్థమయ్యేదాకా రెండుసార్లు చెప్పించుకుని, సూపరింటెండెంటు ఆవిడ ఉత్తరాన్ని చింపి బుట్టలో వేశాడు. "మీ సంగతి తర్వాత చూస్తాను" అన్నాడు.

ఇద్దరూ వరండాలోకి వచ్చారు.

"చేయని తప్పు ఎందుకు ఒప్పుకున్నారమ్మా?"

"పెట్టె చెప్పింది కదా సార్. మీరూ అదే అన్నారు. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. తొమ్మిదేళ్ళు పనికి దూరంగా ఉన్నదాన్ని, నాకు తెలీకుండానే చెయ్యి పడిందేమో అనుకున్నాను. నిన్న పిల్లలు ఎందుకలా ఉన్నావని అడిగితే, అమ్మ ఆఫీసులో పెద్ద తప్పు చేసిందని చెప్పాను."

అతనికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. టైము చూసుకోవడం చేతకాని తనను నమ్మి, ఈ మనిషి తన చేతుల్ని తనే అనుమానించుకుంది.

"నేనొచ్చి చెప్పనా వాళ్ళకి?"

"రావడం ఎందుకు సార్. రాసివ్వండి చాలు."

ఆవిడ నోటుపుస్తకంలోంచి కాగితం చింపి, పెన్ను కూడా ఇచ్చింది. అతను గోడకు ఆనించి రాశాడు: మీ అమ్మ ఏ తప్పూ చేయలేదు. చేసింది నేను. ఆమె మీదికి నెట్టింది కూడా నేనే.

ఆవిడ చదివి, కాగితం మళ్ళీ అతని చేతికే ఇచ్చింది.

"కింద పేరు రాయండి సార్. 'నేను' అంటే ఎవరో పిల్లలకేం తెలుస్తుంది?"

ఇంటిపేరుతో సహా రాశాడు.