సరంగు మెడలో గంట

నేను ఒక గంటను. ఉసిరికాయ కన్నా కాస్త పెద్దగా ఉంటాను. అంచు మీద ఒక చిన్న నొక్కు ఉంది. దేవుడి ముందు ఎప్పుడూ మోగలేదు, బడి పిల్లల్ని ఇంటికి పంపే భాగ్యమూ కలగలేదు. ఒక కుక్క మెడలో కొన్నేళ్లు మోగాను. ఆ కుక్క చచ్చిపోయాక, వాడు బతికే ఉన్నట్టు మూడు నెలలు మోగాను. నా గురించి చెప్పుకోవాల్సింది నిజానికి అంతే. నోరు విప్పాను కాబట్టి మొదటి నుంచీ చెబుతాను.

శ్రీకాకుళం వైపు ఒక కంచరి వీధిలో నన్ను పోతపోశారు. చిల్లుపడ్డ బిందెలూ సొట్టలు పోయిన చెంబులూ కరిగించిన ఇత్తడి నాది. ఎవరింటి బిందెనో, ఎవరి పెళ్లి చెంబునో నాకు తెలియదు. పోసిన ఆయన చల్లారాక నన్ను చెవి దగ్గర ఆడించి, "గొంతు బాగుంది" అని పక్కన పెట్టాడు. చాలా గర్వపడ్డాను. గొంతు బాగుండటం వేరు, దాంతో ఏం పలకాలన్నది మన చేతిలో ఉండటం వేరని అప్పటికి నాకు తెలియదు.

మొదట ఒక రైతు తీర్థంలో కొని నన్ను లేగదూడ మెడలో కట్టాడు. దూడ పెయ్య అయింది, పెయ్యను అమ్మేశారు. తోలుకుపోతుంటే ఆ ఇల్లాలు వెనకాలే పరుగెత్తింది. పెయ్య మీద ప్రేమ అనుకున్నాను. మెడలోంచి నన్ను విప్పుకుని తిరిగి వచ్చేసింది. కొన్నాళ్లకు ఎండుచేపల తట్టతో వచ్చిన పైడమ్మకు గుప్పెడు నెత్తళ్లకు నన్ను ఇచ్చేసింది. అలా నేను సముద్రం ఒడ్డుకు చేరాను.

పైడమ్మ నన్ను తట్ట అంచుకు కట్టుకుంది. నా చప్పుడు వినగానే వీధుల్లో ఆడవాళ్లు చేటల్లో ధాన్యం పట్టుకుని గుమ్మాల్లోకి వచ్చేవారు. ఆమెకు ఒక్కడే కొడుకు, కొర్లయ్య. ఆ ఊరి మగవాళ్లలో సగం మందిలాగే అతనూ వానాకాలం మధ్యలో రైలెక్కి గుజరాత్‌లో వేరావల్ వెళ్లేవాడు. అక్కడి పెద్ద బోట్ల మీద పని చేసి ఎండలు ముదిరాక వచ్చేవాడు. బోటు బయల్దేరిందంటే పదిహేను రోజులు నీళ్ల మీదే. రేవుకు వచ్చిన రోజున ఇంటికి ఫోన్ చేస్తారు, మర్నాడో ఆ మర్నాడో మళ్లీ వేటకు పోతారు.

ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. వేటకు పోయేవాడికి చావు కబురు చెప్పరు. మనసు చెదిరినవాడు తాడు మీద పట్టు తప్పుతాడని, వాడితో పాటు బోటులో ఉన్న అందరికీ ముప్పని భయం. అందుకే పైడమ్మ పోయినప్పుడు కొర్లయ్యకు ఎవరూ చెప్పలేదు. అతను ఫోన్ చేస్తే ఒకసారి సంతకెళ్లిందన్నారు, ఇంకోసారి కళ్లు మసకలై ఫోన్ పట్టుకోలేకపోతోందన్నారు. అతను ఇంకా రెండు నెలలు చేపలు పట్టాడు. తల్లి కోసం చీర కూడా కొన్నాడు.

అతను ఊరికి వచ్చిన రోజున జనమంతా తలుపుల చాటున ఉండిపోయారు. దానయ్య ఒక్కడే బస్సు దిగే చోటికి ఎదురెళ్లాడు. ఇద్దరూ ఒక ఈడువాళ్లు, చిన్నప్పుడు ఒకే తెప్ప మీద వేట నేర్చుకున్నవాళ్లు. నడుం దెబ్బతిని దానయ్య వేరావల్ మానేసి ఊరి ఒడ్డునే చిన్న వల వేసుకుంటున్నాడు. బస్సు దిగిన కొర్లయ్య చేతిలోంచి సంచి అందుకుని, "అమ్మ లేదురా" అని అక్కడే చెప్పేశాడు, ముందే చెప్పనివ్వని కట్టుబాటును తిట్టిపోశాడు. ఇద్దరూ రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చారట. తట్ట దగ్గర వేలాడుతున్న నాకు ఆ సంగతి తరవాత మాటల్లో తెలిసింది.

ఆ తరవాత రెండేళ్లు కొర్లయ్య ఎక్కడికీ పోలేదు. ఒకరోజు వలల కింద అతనికి ఒక కుక్కపిల్ల దొరికింది. గోధుమ రంగు, ఒక చెవి నిలబడేది, ఒకటి వాలిపోయేది. బోటు ముక్కు మీద ఎక్కి కూర్చుని సముద్రం వైపు చూసేవాడు. బోటు నడిపే పెద్దను సరంగు అంటారు కదా, కొర్లయ్య వాడికి ఆ పేరే పెట్టాడు. తట్టకున్న నన్ను విప్పి వాడి మెడలో కట్టాడు. కుక్కను 'అది' అనాలని నాకూ తెలుసు. వాడి గొంతు కిందే పడుకుని వాడి గుండె చప్పుడు విన్నదాన్ని, అలా అనడానికి నాకు నోరు రాదు.

కొర్లయ్య వాడికి ఒక్కటే నేర్పాడు. ఒడ్డున పారేసిన చేపల్లో గాలాలు ఉంటాయని, కింద పడింది ఏదీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. చేతిలోంచి విసిరితే గాలిలో అందుకుని తినాలి. వారం రోజుల్లో నేర్చేసుకున్నాడు. ఒడ్డున మిగతా కుక్కలు ప్రతిదీ వాసన చూసి తింటాయి. సరంగు వాసన చూసేవాడు కాదు. చెయ్యి చూసేవాడు.

మూడో ఏడు కొర్లయ్యకు మళ్లీ వేరావల్ పోక తప్పలేదు. పోయే ముందు పదిరోజుల పాటు దానయ్యను పక్కన నిలబెట్టి, అతని చేత చేపలు విసిరించాడు. సరంగు మొదట కొర్లయ్య మొహం చూసేవాడు, అతను తలూపాక అందుకునేవాడు. పదో రోజుకి దానయ్య చేతినీ నమ్మాడు.

రైలుకు బయల్దేరుతూ కొర్లయ్య అన్నాడు: "ఒరే, ఆడికి ఏటైనా అయితే నాకు సెప్పు. కాలిరిగినా సెప్పు, సచ్చిపోయినా సెప్పు. అమ్మప్పుడు సేసినట్టు సెయ్యొద్దు. ఊరంతా దాసినాది. నువ్వొక్కడివే సెప్పినావు. అందుకే నీకాడ వొగ్గెల్తన్నాను."

"ఎర్రోడా, ఆడికేటవుద్ది?" అని దానయ్య నవ్వాడు.

రేవుకు వచ్చినప్పుడల్లా ఫోన్ వచ్చేది. దానయ్య స్పీకరు పెట్టి ఫోన్‌ను సరంగు దగ్గరికి తెచ్చేవాడు. వాడు తోకాడిస్తూ గెంతుతుంటే నేను గలగలా మోగేదాన్ని. అటునుంచి, "సరంగూ!" అన్న పిలుపు వచ్చేది. అంతే, వాడు కదలడం మానేసేవాడు. వాలిపోయే చెవి కూడా నిక్కేది. ఊపిరి బిగబట్టి నిలబడిపోయేవాడు. నేనూ ఆగిపోయేదాన్ని. అటువైపు కొర్లయ్య పొంగిపోయి, "ఇన్నాడ్రా! నా గొంతు ఇన్నాడు!" అని కేకేసేవాడు. గంట మోత వినిపించినందుకు మిత్రుడు మురిసిపోతున్నాడని దానయ్య అనుకునేవాడు. కొర్లయ్య మురిసిపోయేది నేను ఆగినందుకు. ఆగేదాన్ని నేనే కాబట్టి ఆ సంగతి నాకు తెలుసు.

మాఘమాసంలో ఒక పొద్దున దానయ్య ఒడ్డున కూర్చుని వల దులుపుతున్నాడు. పక్కనే అతని భార్య నూకాలు చేపలు ఏరుతోంది. సరంగు ఎదురుగా కూర్చున్నాడు. దానయ్య ఏదో పెళ్లిలో జరిగిన తమాషా చెబుతూ, నవ్వుతూ, చేతికి తగిలిన చిన్న చేపనల్లా వాడికి విసురుతున్నాడు. కవళ్లు, కవళ్లు, మధ్యలో ఒకటి వేరేది. ముట్టుకుంటే పొట్ట ఉబ్బించుకునే విషపు చేప. ఒడ్డున కాకులు కూడా దాన్ని ముట్టవు. వలలో నలిగి చప్పబడి ఉంది. అతను చూడలేదు. సరంగు గాలిలోనే అందుకున్నాడు.

వాడు గుటక వేసినప్పుడు నేను గొంతు మీదే ఉన్నాను. మోగాను. అది ప్రమాదమని మోగడం నాకు చేతకాదు. ఎలా కదిపితే అలా మోగడమే నాకు తెలిసింది.

కాసేపటికి వెనక కాళ్లు పడిపోయాయి. వలలో అలాంటిదే ఇంకొకటి కనిపించగానే దానయ్యకు విషయం అర్థమైంది. "ఉబ్బుసేప! ఓలమ్మో, నా సేత్తోటే ఎట్టీసినాను!" అని అరిచాడు. దెబ్బతిన్న నడుంతోనే వాణ్ణి ఎత్తుకుని రోడ్డు దాకా పరుగెత్తాడు. ఆటో దొరికింది, పశువుల డాక్టరు ఉన్న ఊరు దాకా పోయే వ్యవధి దొరకలేదు. దారి పొడవునా వాడు దానయ్య చేతినే చూస్తున్నాడు. ఆ చెయ్యి ఏదో చేస్తుందని వాడి నమ్మకం. గుండె ఆగడం నాకు ముందు తెలిసింది.

సరుగుడు తోటలో గొయ్యి తీశారు. పూడ్చే ముందు దానయ్య నన్ను విప్పి జేబులో వేసుకున్నాడు. అప్పుడే నన్నూ పూడ్చిపెట్టి ఉంటే ఎంత బాగుండేదో!

నాలుగు రోజులకు ఫోన్ వచ్చింది. చెప్పడానికే దానయ్య ఫోన్ ఎత్తాడు. నోరు తెరిచాడు కూడా. అటునుంచి కొర్లయ్య, "ఒరే, ఈపాలి గాలి జోరుగా ఉందిరా. ఎదవ బతుకు. ఆడి గంట ఇనిపించు, ప్రాణం కుదుటపడతాది" అన్నాడు. దానయ్య చెయ్యి జేబులోకి పోయింది. నన్ను బయటికి తీసి ఫోన్ దగ్గర ఆడించాడు.

"సరంగూ!" అని పిలిచాడు కొర్లయ్య.

ఆగాలి. నాకు తెలుసు, అక్కడ ఆగాలి. దానయ్య కంగారుపడి ఇంకా గట్టిగా ఊపాడు. మనిషి చేతిలో ఉన్న గంట ఆగుదామనుకుంటే ఆగుతుందా? గలగలా మోగుతూనే ఉన్నాను. ఈసారి అటువైపు నుంచి "ఇన్నాడ్రా!" అన్న కేక రాలేదు.

"బాగున్నాడా?" అన్నాడు చివరికి.

"బాగున్నాడు."

"నాకు సెప్పాల్సింది ఏటీ లేదు గదా?"

"ఏటుంటాదిరా? ఏటీ లేదు."

ఫోన్ పెట్టేశాక నూకాలు అతని మీద విరుచుకుపడింది. "సచ్చినాడని సెప్పీ. దూరంలో ఉన్నప్పుడే ఏడ్సుకుంటాడు. ఒచ్చినాక మొకం మీద ఎలాగ సెప్తావు?"

"రేపు ఏటకెల్లేవోడికి సావు కబురు సెప్పమంటావేటే?" అన్నాడు దానయ్య. ఆ కట్టుబాటును పైడమ్మ చావప్పుడు తిట్టిపోసినవాడే, ఇప్పుడు దాని వెనక దాక్కున్నాడు. మనుషులకు అవసరం వచ్చినప్పుడు పెద్దల మాట ఎంత చప్పున గుర్తొస్తుందో!

ఆ తరవాత ఐదుసార్లు ఫోన్ వచ్చింది. ఐదుసార్లూ దానయ్య నన్ను ఊపాడు. కొర్లయ్య మళ్లీ ఎప్పుడూ "సరంగూ" అని పిలవలేదు. మోత విని, కాసేపు ఆగి, "ఇంకేటి కబుర్లు?" అనేవాడు. మళ్లీ ఆగేవాడు. దానయ్య ఎండల గురించీ చేపల గురించీ మాట్లాడేవాడు. నాకు సిగ్గుతో కరిగిపోవాలనిపించేది. ఇత్తడి అంత తేలిగ్గా కరగదు.

వైశాఖంలో కొర్లయ్య వచ్చాడు. దానయ్య బస్సు దగ్గరికి పోలేదు. మధ్యాహ్నం ఎండలో పైకి లాగిన బోటు నీడన, నన్ను పిడికిట్లో బిగించి కూర్చున్నాడు. కొర్లయ్య సంచి భుజాన వేసుకుని నేరుగా అక్కడికే వచ్చాడు. వస్తూ ఇటూ అటూ చూడలేదు, ఈల వెయ్యలేదు, ఎవరినీ పిలవలేదు.

దానయ్య అతని కాళ్ల దగ్గర కూలబడి చెప్పాడు. వల, తమాషా కబురు, చేప, ఆటో, సరుగుడు తోట, అన్నీ చెప్పాడు. చెబుతూ చెంపలు వాయించుకున్నాడు. కొర్లయ్య అడ్డుపడకుండా చివరిదాకా విన్నాడు.

"నాకు తెల్సురా" అన్నాడు. "మాగంలోనే తెల్సు. నాను పిలిస్తే ఆడి గంట ఆగాల. ఆగనేదు."

దానయ్య తలెత్తి చూశాడు. పిడికిట్లో నేను చెమటకు తడిసిపోయాను.

"తెలిసి మరెందుకురా ఫోన్ సేసినావు, అన్నిసార్లు?"

"నువ్వు సెప్తావని. ఈపాలి సెప్తాడు, ఈపాలి సెప్తాడు అనుకుని సేసినాను." కొర్లయ్య భుజం మీది సంచి దించి ఇసకలో పెట్టాడు. "సేప ఇసిరినందుకు నీ మీద కోపం నేదు. వల కాడ ఎవుడి సెయ్యైనా తప్పుద్ది. అమ్మప్పుడు ఊరంతా ఒకవేపు, నువ్వొకవేపు. నాకు ఇంకెవులున్నార్రా?"

దానయ్య పిడికిలి విప్పి నన్ను అందించాడు. కొర్లయ్య అందుకున్నాడు. తల్లి తట్టకున్నప్పటి నుంచీ నేనెరిగిన చెయ్యి అది. చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి ఆడించాడు. ఆ క్షణాన మూగదాన్నయిపోతే బాగుండుననిపించింది. బాగానే మోగాను. అతను నన్ను మళ్లీ దానయ్య చేతిలో పెట్టేశాడు.

"నీకాడే ఉంచు. నీకు ఊపడం అలవాటైపోనాది" అన్నాడు.

సరుగుడు తోట వైపు నడిచాడు. దానయ్య లేవబోతే, "నువ్వు రాకు" అన్నాడు. వెనక్కి చూడకుండానే అన్నాడు.

ఆ వానాకాలం కొర్లయ్య మళ్లీ రైలెక్కాడు. ఎవరికీ చెప్పి పోలేదు. దానయ్య నన్ను ఇంట్లో ఫోన్ ఛార్జింగు పెట్టే చోట మేకుకు తగిలించాడు. పారేయడానికి చేతులు రావు, చూస్తూ ఉండటానికి మనసు రాదు. సముద్రం గాలికి అప్పుడప్పుడు మోగుతాను. నూకాలు వచ్చి నన్ను పట్టుకుని ఆపుతుంది. ఆపడం ఎంత సులువో ఆమె చేతికి తెలుసు.

దానయ్య ఇప్పుడు చేపలు ఎవరికీ విసరడు. వల దులిపి ఇంటికి వస్తాడు, ఫోన్ ముందు కూర్చుంటాడు. బోట్లు వేరావల్ రేవుకు చేరే రోజులు అతనికి కంఠతా వచ్చు. ఊళ్లో మిగతా ఇళ్లల్లో ఫోన్లు మోగుతాయి, నవ్వులు వినిపిస్తాయి. తన ఫోన్ ఎప్పుడైనా మోగితే అతను చేస్తున్న పని ఆపేసి, మెడ నిక్కించి, ఊపిరి బిగబట్టి నిలబడిపోతాడు. అచ్చం సరంగులాగే నిలబడతాడు. నూకాలు ఫోన్ ఎత్తుతుంది. ఎవరో వేరేవాళ్లు మాట్లాడతారు.