దొర మీటరు మీద అరగంట

పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని సుధ కారులో కూర్చుని ఉంది. కారు ఎక్కడికీ పోవడం లేదు. పార్కింగ్ లాట్‌లో నిలబడే ఉంది. ఇంజను మాత్రం గురగురమంటోంది. వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ మంచు మీద పాకుతోంది.

పైఅంతస్తులో కూతురి ఇంటి కిటికీలోంచి ఆ పొగ చూసిన లక్ష్మీకాంతానికి గుండె ఝల్లుమంది. తలుపులు బిగించుకుని ఇంజను పెట్టుకుంటే ఏమవుతుందో ఆమె పేపర్లో చదివింది. శాలువా మీద అల్లుడి జాకెట్ తగిలించుకుని, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే కిందికి దిగి, కారు అద్దం మీద దబదబా బాదింది.

"తలుపు తియ్యి సుధా. ముందు పిల్లనిటివ్వు."

"ఇంట్లో కరెంట్ పోయిందాంటీ. కార్‌లో హీటర్ ఉంది కదా అని."

"అందరికీ ఉండి నీ ఒక్కదానికే పోయిందా?"

సుధ తల దించుకుంది. "లిమిటర్ పెట్టారాంటీ."

అమెరికాలో, అరోరా ఊళ్లోని ఆ అపార్ట్‌మెంట్లన్నీ ఒక్క మనిషివి. ఆయన తెలుగువాడే. పేరు చక్రపాణి. గుడి కమిటీలో పెద్ద. కొత్తగా విమానం దిగిన కుర్రవాళ్లను క్రెడిట్ హిస్టరీ అడగడు, డిపాజిట్ కోసం పీడించడు, భుజం తట్టి తాళం చేతికిస్తాడు. మనవాడి నీడన ఉంటే ధైర్యమని అందరూ అక్కడే చేరారు. కరెంటు మీటరు తమ పేరున ఉండదనీ, కంపెనీ దగ్గర ఆయనే కొని తమకు అమ్ముతాడనీ లీజులో రాసే ఉంది. చదివిన వాళ్లు కూడా అడగలేదు. మనవాడిని అడగడం ఏం మర్యాద అనుకున్నారు. పరాయివాడి దగ్గరైతే అక్షరం అక్షరం చదివేవాళ్లే.

ఆయన పెట్టిన రేట్లు రెండు. జనం పడుకున్నాక వాడుకుంటే చౌక, దాన్ని ఆఫ్-పీక్ అన్నారు. మధ్యాహ్నం నుంచి రాత్రి భోజనాలయ్యే దాకా పీక్, అది మూడింతలు. హీటర్లు కూడా ఆ కరెంటు మీదే. సాఫ్ట్‌వేర్ మగవాళ్లు ఆ వేళ ఆఫీసుల్లో వెచ్చగా ఉంటారు. ఇళ్లలో మిగిలేది పనిచేసే వీసా లేని భార్యలు, చంటిపిల్లలు, విజిటర్ వీసా మీద పురుళ్లు పోయడానికి వచ్చిన తల్లులు, అత్తలు. పీక్ అంటే వాళ్ల వేళ. వాళ్లు దుప్పట్లు కప్పుకుని కూరలు తరిగారు, బట్టలుతకడం, పిండి రుబ్బడం అందరూ పడుకున్నాకే పెట్టుకున్నారు. బిల్లు వెనకబడ్డ ఇంటికి లిమిటర్ వచ్చేది. అదొక చిన్న పెట్టె. పీక్ వేళలో బల్బు, ఫ్రిజ్ మినహా ఏది వేసినా టక్కున కరెంటు తీసేస్తుంది.

సుధ మొగుడు గోపాల్ ప్రాజెక్టు పోయి, జీతం లేకుండా బెంచ్ మీద ఉన్నాడు. శాంటా క్లారాలో స్నేహితుడి సోఫా మీద పడుకుని పని వెతుక్కుంటున్నాడు. ఈ చలిలో పిల్లతో ఎన్నాళ్లుంటావు, ఇండియా వెళ్లిపో అని సుధకు టికెట్ కొన్నాడు. కార్తీకం వెళ్లగానే ప్రయాణం. పిల్ల నాన్న మొహం ఇంకా సరిగ్గా గుర్తుపట్టను కూడా లేదు.

"బిల్లులకి సాయం చేసే కౌంటీ ఆఫీస్‌కి కూడా వెళ్లొచ్చానాంటీ," అంది సుధ, లక్ష్మీకాంతం వంటింట్లో పిల్లను పొదివి పట్టుకుని. "పక్క బిల్డింగ్ తెరెసా తీసుకెళ్లింది. పాప ఇక్కడే పుట్టింది కాబట్టి మాకు వస్తుందట. కానీ బిల్లు కంపెనీది కాదు, ఓనర్‌ది. హీటింగ్‌కి విడిగా డబ్బు తీసుకుంటున్నానని ఓనర్ సంతకం పెట్టాలట. అడిగితే చక్రపాణి అంకుల్ నవ్వి ఊరుకున్నారు."

లక్ష్మీకాంతం పిల్ల పాదాలను శాలువాలో చుట్టింది. ఆమెకు ఎడబాట్లంటే భయం. రెండువేల సంవత్సరంలో కరెంటు చార్జీలు పెంచితే హైదరాబాదులో రోడ్డెక్కిన జనంలో ఆమె కూడా ఉంది. చెయ్యి చెయ్యి పట్టుకుని నడిచిన పక్కవీధి మనిషి లాఠీల తొక్కిసలాటలో వేళ్లు జారి తప్పిపోయింది, మళ్లీ కనబడలేదు. అప్పటి నుంచి గుంపు చూస్తే ఆమె అరచేతులు చెమర్చేవి. ఎవరి సూట్‌కేసు కనబడినా నిద్ర పట్టేది కాదు.

ఆ రోజు కార్తీక సోమవారం. తెలుగు ఇళ్లలో ఆడవాళ్లు పగలంతా ఉపవాసం. అమెరికాలో కార్తీకం పొద్దు త్వరగా వాలుతుంది. చుక్క పొడిచే వేళకి ప్రతి ఇంట్లో అన్నం, పప్పు, పాయసం ఒక్కసారే పొయ్యెక్కాయి. లైట్లు ఒకసారి మసకబారి మళ్లీ వెలిగాయి.

మర్నాడు చక్రపాణి స్వయంగా లాండ్రీ రూముకు వచ్చాడు. ఆ కాంప్లెక్స్‌లో పగలు ఊరికే వెచ్చగా ఉండే చోటు అదొక్కటే. విజిటర్ తల్లులంతా అక్కడే చేరతారు.

"పిన్నిగారూ, భక్తి మంచిదే," అన్నాడు నవ్వుతూ. "కానీ అందరూ ఒకే టైంకి స్టవ్‌లు ఆన్ చేస్తే నా పని ఖాళీ. నెల మొత్తంలో ఏ అరగంట ఎక్కువ లోడ్ పడిందో చూసి, కంపెనీవాడు డిమాండ్ చార్జ్ అని నెత్తిన వేస్తాడు. ఆ ఒక్క అరగంటకి నెలంతా వాత. వచ్చే సోమవారం తలా ఒక టైం పెట్టుకోండి. శివుడేం అనుకోడు."

లక్ష్మీకాంతం మెల్లగా అడిగింది. "నీక్కూడా పగలొక రేటు, రాత్రొక రేటేనా నాయనా?"

"లేదండీ, నాకు ఫ్లాట్ రేట్. ఎప్పుడైనా ఒకటే. ఈ డిమాండే చంపుతోంది."

మూల బల్ల మీద కూర్చున్న కరీంనగర్ సత్తెమ్మ కాళ్లు కిందికి దించింది.

"గట్లయితే మాకెందుకు మూడింతలు గుంజుతున్నవ్ దొరా?"

"బిజినెస్ అమ్మా అది. మీకర్థం కాదు."

"సుధకి ఆ సంతకం పెట్టు బాబూ," అంది లక్ష్మీకాంతం. "పిల్లను కార్‌లో పెట్టుకుని చలి కాచుకుంటోంది."

"పెడితే రేపు కౌంటీవాడు నా లెక్కలన్నీ అడుగుతాడు. అయినా ఆ అమ్మాయి ఇండియా వెళ్లిపోతోందిగా. ఎయిర్‌పోర్ట్‌కి నా కార్ పంపిస్తా, సరేనా?" అని కీస్ ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

ఎయిర్‌పోర్ట్‌కి కారు. ఆ మాట లక్ష్మీకాంతాన్ని వదల్లేదు. అప్పటి దాకా ఆమె సుధ ఉండిపోతే చాలనుకుంది. ఇప్పుడు చక్రపాణి ఏడవాలి కూడా అనుకుంది.

ఆదివారం అదే లాండ్రీ రూములో మీటింగ్ పెట్టారు. కొడుకులు, అల్లుళ్లు, కూతుళ్లు వచ్చారు. తెరెసా తన బిల్డింగ్ వాళ్లతో వచ్చింది. ఆమె రాత్రంతా గిడ్డంగిలో పెట్టెలు మోసి పగలు నిద్రపోయే మనిషి. నిద్రలో కూడా పీక్ రేటే. లక్ష్మీకాంతం కూతురు స్పందన ఆమెకు ఇంగ్లీషులో చెబుతోంది.

"రేపే కార్తీకం ఆఖరి సోమవారం," అంది లక్ష్మీకాంతం. "సంతకం పెట్టి లిమిటర్లు పీకేదాకా, చీకటి పడగానే ప్రతి ఇంట్లో ఉన్నవన్నీ వేద్దాం. పొయ్యి, ఓవెన్, హీటర్, ఇస్త్రీపెట్టె. వాడి అరగంటను వాడికే పెడదాం."

ఆమె అల్లుడు జగదీష్ లేచాడు. "రిస్క్ అత్తయ్యా. నా గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. పోలీస్ రికార్డ్ అయితే అంతే సంగతులు. అందరం హెచ్-వన్ వీసా మీద ఉన్నాం."

"నీకు కార్డు బుగులు. మాకేం కార్డున్నది బిడ్డా?" అంది సత్తెమ్మ. "ఎల్లగొడితే ఎల్లగొడతరు. ఎట్లయిన పోయేటోళ్లమే."

తల్లులంతా గొల్లున నవ్వారు. జగదీష్ నవ్వలేదు. "ఆయన మన కమ్యూనిటీ. నైస్‌గా మాట్లాడితే పోతుంది. లేదంటే లీజ్ అయ్యాక మూవ్ అవుదాం."

"వాడు కొనేది ఒక రేటుకి, మనకమ్మేది ఇంకో రేటుకి," అంది లక్ష్మీకాంతం. "ఆ మధ్యలో ఉన్నదే నాయనా నీ కమ్యూనిటీ. దానికి మనం కడుతున్నాం, వాడు తింటున్నాడు. నీకు భయమైతే ఆఫీస్ నుంచి లేటుగా రా. పొయ్యి వెలిగించేది నేను."

స్పందన తర్జుమా ముగించేదాకా ఆగి తెరెసా ఒక్క ముక్క అంది. స్పందన దాన్ని అందరికీ చెప్పింది: "ఏ టైంకో చెప్పండి చాలు అంటోంది."

సోమవారం పొద్దు వాలింది. ఇళ్లు తగలబడతాయేమో, పిల్లలకు ఏమన్నా అవుతుందేమోనని లక్ష్మీకాంతం ప్రతి తల్లికీ పదిసార్లు జాగ్రత్తలు చెప్పి వచ్చింది. చుక్క వేళకి నాలుగు పొయ్యిలూ వెలిగించింది. ఓవెన్ తెరిచి వేడి పెట్టింది. బాత్రూం హీటరూ వదల్లేదు. కిటికీలోంచి చూస్తే ఎదుటి బిల్డింగులో తెరెసా కిటికీ, ఆ పక్కది, ఆ పైది ఒకటొకటిగా వెలుగుతున్నాయి. కరెంటు గది గోడ వెనక తేనెపట్టులా రొద చేస్తోంది. తల్లులంతా పొయ్యిల దగ్గర కూతుళ్లను నిలబెట్టి పార్కింగ్ లాట్‌లోకి దిగారు.

చక్రపాణి పరుగున వచ్చాడు. వెనకే ఆయన పిలిచిన పోలీసు కారు వచ్చింది.

"ఏం చేశారు వీళ్లు?" అని పోలీసు అడిగాడు.

"అందరూ కూడబలుక్కుని స్టవ్‌లు ఆన్ చేశారు."

పోలీసు చుట్టూ చూశాడు. ప్రతి కిటికీలోంచీ తాలింపు వాసన వస్తోంది. "డిన్నర్ టైం కదా సార్," అని కారెక్కి వెళ్లిపోయాడు.

చక్రపాణి వాచీ చూసుకున్నాడు. అరగంట ఇంకా నిండలేదు, నిండితేనే వాత. "పిన్నిగారూ, ఆపించండి. రేపు లిమిటర్ తీయిస్తా."

"ఇప్పుడు తియ్యి. ఆ సంతకం కూడా పెట్టు."

మెయింటెనెన్స్ మనిషి సుధ ఇంటి పెట్టె విప్పి పట్టుకొచ్చాడు. సుధ చాచిన కాగితాన్ని చక్రపాణి కారు బానెట్ మీదే పెట్టి సంతకం గీకి, మళ్లీ ఆమె చేతిలో కుక్కాడు. "అయిపోయిందిగా. ఇక ఆపండి."

అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన జగదీష్ అన్నాడు. "అత్తయ్యా, హి సైన్డ్. ఇప్పుడు ఆపేస్తే ఆయనకీ లాస్ ఉండదు. గొడవ లేకుండా పోతుంది."

అందరూ లక్ష్మీకాంతం వైపు చూశారు. ఆమె సుధను చూసింది. సుధ కాగితం మడిచి జాకెట్‌లో పెట్టుకుంది. ఎవరితోనూ ఏమీ అనకుండా పిల్లను భుజాన వేసుకుని తన ఇంట్లోకి నడిచింది. ఇప్పటిదాకా ఒంటి బల్బుతో ఉన్న ఆ కిటికీ నిండుగా వెలిగింది. పొయ్యి, ఓవెన్, హీటర్ ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి.

"అక్కడ ఇంకెన్ని ఇళ్లకు లిమిటర్లున్నాయి?" అంది లక్ష్మీకాంతం.

"అవన్నీ తర్వాత చూద్దామండీ, ముందు..."

"అవన్నీ కూడా తీసిందాకా పొయ్యిలు ఆరవు. ఈ అరగంట నీదే. ఉంచుకో. పిల్ల కార్‌లో కూర్చున్న అరగంటలు ఎన్నో నువ్వు లెక్కపెట్టలేదు."

వాచీ ముల్లు అరగంట దాటిపోయింది. చక్రపాణికి ఆ సంగతి మిగతా అందరికంటే ముందు తెలిసింది. నవ్వు రాలిపోయిన మొహం చలికి కందిన మాంసంలా ఉంది.

"మీ వీసా వచ్చే నెలతో అయిపోతుంది కదూ?" అన్నాడు పళ్ల బిగువున. "మీరు వెళ్లాక ఎవరుంటారో, ఎవరి లీజ్ రెన్యూ అవుతుందో చూస్తా."

జగదీష్ ఒకసారి అత్తగారిని, ఒకసారి ఆ మొహాన్ని చూశాడు. తర్వాత ఆఫీసు బ్యాగు భుజాన ఉండగానే మెట్లెక్కి పోయి, ఇంట్లో ఆర్పి ఉన్న హాలు హీటరు కూడా తిప్పాడు. కిటికీలో అతని నీడ కనబడింది. మళ్లీ కిందికి వచ్చి తల్లుల పక్కన నిలబడ్డాడు.

లక్ష్మీకాంతం అరచేతులు చెమర్చి ఉన్నాయి. అయినా పక్కనున్న సత్తెమ్మ చెయ్యి వదలలేదు.

"నేను వెళ్లిపోతాను. ఈమె కూడా వెళ్లిపోతుంది. వచ్చే నెల ఈమె వియ్యపురాలు దిగుతుంది. ఆ తర్వాత ఆ పైఇంటి అమ్మాయికి నెలలు నిండుతాయి, వాళ్లమ్మ వస్తుంది. ప్రతి పురుటికీ ఒకరు, ప్రతి విమానానికీ ఒకరు. పెట్టె కింద పెట్టకముందే వాళ్లకి నీ అరగంట సంగతి చెబుతాం. ఎంతమందిని ఎయిర్‌పోర్ట్‌లో దింపుతావో దింపు చక్రపాణీ."

ఆయన్ను అంతవరకు ఆ ఊళ్లో ఆడవాళ్లెవరూ పేరు పెట్టి పిలవలేదు. అదే మొదలు.

తెరెసా బిల్డింగులో మరో రెండు కిటికీలు వెలిగాయి. మెయింటెనెన్స్ మనిషి యజమాని వైపు చూడకుండానే స్క్రూడ్రైవర్ తీసుకుని, లిమిటర్ ఉన్న రెండో ఇంటి తలుపు తట్టాడు.