దిగిన చప్పుడు

నేను పిల్లికూనల తిండి పరీక్షిస్తాను. ఈ మాట చెప్పగానే మా బంధువుల్లో సగం మంది "రుచి చూస్తావా?" అని అడుగుతారు. మిగతా సగం మంది "దానికి జీతం కూడా ఇస్తారా?" అని అడుగుతారు. ఇరవై రెండేళ్ళుగా అందరికీ ఒకటే జవాబు చెబుతున్నాను: మీరు తినేదాన్ని కూడా ఎవరైనా ఇంత శ్రద్ధగా పరీక్షిస్తే బాగుండును అని. ఆ శ్రద్ధ అన్న మాట ఇప్పుడు నోటికి రావడం లేదు.

పని చెబుతాను. సంచిలోంచి గుప్పెడు గింజలు తీసి మెత్తగా పొడి చేస్తాం. కొంత వేడి పెట్టెలో ఆరబెట్టి తడి ఎంతుందో చూస్తాం. కొంత కొలిమిలో బూడిద చేసి ఖనిజాలు లెక్క కడతాం. కొంత ఆమ్లంలో ఉడికించి ప్రొటీన్ తేలుస్తాం. పెద్దపిల్లికి సరిపోయే తిండి ఎదిగే కూనకి చాలదు. దానికి మాంసకృత్తులూ కొవ్వూ ఎక్కువ కావాలి, ఎముక గట్టిపడడానికి సున్నం తగు పాళ్ళలో ఉండాలి. వీటన్నిటితోపాటు టారిన్ అనే పదార్థం ఒకటుంది. మన ఒంట్లో అది తయారవుతుంది, పిల్లి ఒంట్లో చాలినంత తయారు కాదు. తిండిలో రావాల్సిందే. రాకపోతే నెలలు గడిచేకొద్దీ కంటి వెనక పొర పాడవుతుంది, గుండె ఉబ్బుతుంది. ఇంటి దారులన్నీ పిల్లి మీసాలకీ కాళ్ళకీ కంఠతా వచ్చేసి ఉంటాయి. అందుకే దాని చూపు పోయిన సంగతి ఇంట్లోవాళ్ళకి చాలాకాలం తెలియదు.

వచ్చిన ప్రతి శాంపిల్‌నీ రెండు భాగాలు చేస్తాం. ఒకటి పరీక్షకి. రెండోదానికి సీలు వేసి, తేదీ రాసి, గది మూలనున్న ఇనుప బీరువాలో ఏడాదిపాటు దాస్తాం. రిపోర్టు మీద ఎవరికైనా అనుమానం వస్తే దాన్ని తీసి మళ్ళీ పరీక్షించాలి. ఏడాది నిండితే కాల్చేస్తాం.

ఆ బీరువా నుంచే నాకు చప్పుడు వినిపిస్తోంది. రెండు నెలలుగా, పట్టపగలు, మూడు గంటలకి.

మొదట లోపల గింజ పగిలినట్టు కటుక్కుమంటుంది. కాసేపు అంతే, తీరిగ్గా తింటున్నట్టు ఉంటుంది. తర్వాత బీరువా నెత్తిమీద గోళ్ళు సర్దుకుంటాయి. పిల్లి దూకబోయే ముందు వెనక కాళ్ళు కుదురుగా పెట్టుకుంటుంది చూడండి, అలా. ఆ తర్వాత ఇనుము మీద ఒక్క గీత గీసినట్టు బరుకుడు. దూకిన చప్పుడు అది. దిగిన చప్పుడు మాత్రం రాదు. నేను పిపెట్ పట్టుకుని, ఊపిరి బిగబట్టి, అది ఎక్కడ దిగుతుందా అని ఎదురుచూస్తాను. ఎక్కడా దిగదు. ఆ రోజుకి ఇంక నా చేతులు పనికి రావు.

మొదట్లో ఎలుక అనుకున్నాను. బీరువా జరిపించి, వెనక ఊడ్పించి, బోను కూడా పెట్టాను. మా లాబ్ పెద్దాయన, సారు, బోను చూసి "ఎన్నేళ్ళుగా పిల్లుల తిండి పెట్టుకుని కూర్చున్నాం, ఎలుకలకి ఆ మాత్రం భయం ఉండదంటావా?" అని నవ్వారు. ఆయనకి చప్పుడు వినపడలేదు. వినపడాల్సిన అవసరమూ ఆయనకి లేదు. ఆ బీరువాలో మూడో అరలో ఉన్న పొట్లం మీద సంతకం నాది.

మా అక్క బట్టలు కుడుతుంది. రెండో అంతస్తులో ఇల్లు. మార్కెట్ వెనక తల్లి లేని కూనలు కనిపిస్తే తెచ్చి పెంచి, కాస్త పెద్దయ్యాక మంచి ఇల్లు చూసి ఇచ్చేస్తుంది. ఒక్క మసిని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. నల్లగా, పొయ్యిలోంచి లేచి వచ్చినట్టు ఉండేది. దానికి అక్క గొంతు వింటే చాలు. అక్క పెరట్లో బట్టలు ఆరేస్తుంటే వరండా పిట్టగోడ ఎక్కి, కిందనున్న రేకుల షెడ్డు మీదికి దూకి, అక్కడినుంచి నేలమీదికి దూకి, అక్క కాళ్ళలోకి వచ్చేది. రోజూ అదే దారి.

కిందటేడు అక్క నాకు ఫోన్ చేసి కూనల తిండి సంచుల వెనక అచ్చు వేసినవన్నీ ఒక్కొక్కటిగా చదివి వినిపించేది. ఒకరోజు విసుగొచ్చి, "ఆ చదువులన్నీ ఆపవే తల్లీ. ఈ కంపెనీది నేనే పరీక్షించాను. కళ్ళు మూసుకుని పెట్టు," అన్నాను. అక్కకి నా మాట మీద గురి. చిన్నప్పటినుంచీ అంతే, నేను క్లాసులో ఫస్టు వచ్చిన రోజు నుంచి.

నేను పరీక్షించలేదు. అంటే, మిగతావన్నీ చేశాను. టారిన్ చూసే మెషిన్‌లో కాలమ్ అనే గొట్టం పాడైంది. కొత్తది రావడానికి మూడు వారాలు పడుతుందన్నారు. కంపెనీ మనిషి పొద్దునా సాయంత్రం ఫోన్లు చేసి ప్రాణం తీస్తున్నాడు. వాళ్ళ తిండికి మా దగ్గర ఏడాదికొకసారి పరీక్ష. అంతకుముందు నాలుగేళ్ళూ వరసగా నూరు గ్రాములకి నూట అరవై మిల్లీగ్రాముల దగ్గర్లోనే వచ్చింది. కనీసం నూరు ఉండాలి. ఇప్పుడు మాత్రం మారుతుందా అనుకున్నాను. నూట అరవై అని రాస్తే మరీ అచ్చుగుద్దినట్టు ఉంటుందని నూట యాభై ఎనిమిది అని రాశాను. ఆ రెండూ తగ్గించడంలోనే నా తెలివంతా ఉంది.

మూడు నెలల కిందట అక్క అద్దెకున్న ఇంటివాళ్ళు షెడ్డు తీయించేశారు. మర్నాడు మధ్యాహ్నం మూడింటికి మసి పిట్టగోడ ఎక్కి, లేని రేకుల మీదికి దూకింది. కింద సిమెంటు గచ్చు.

"షెడ్డు తీసేటప్పుడు నేను అడ్డం చెప్పలేదు," అని అక్క వారంపాటు ఏడ్చింది. "కళ్ళున్న పిల్లి అలా ఎలా దూకుతుందే?" అని అందరినీ అడిగేది.  అప్పటికి నాకూ తట్టలేదు.

ఇంకో నెల గడిచాక మసితోపాటు పెరిగి పక్కవీధికి వెళ్ళిన పిల్లిని పశువుల డాక్టరుకి చూపించారట. కళ్ళు రెండూ పోయాయన్నాడట. "గచ్చు తుడిచే మందు ఘాటు వల్లేమో, నేనే పాడుచేశానేమో," అంది అక్క ఫోన్లో.  ఆ క్షణాన నాకు అంతా తెలిసిపోయింది. అయినా "అయ్యుండొచ్చు, మందు మార్చి చూడు," అన్నాను. నా జన్మలో అంత నీచమైన మాట ఇంకోటి అనలేదు. మర్నాటి నుంచే బీరువాలో చప్పుడు మొదలైంది.

ఇప్పుడు అక్క దగ్గర నాలుగు కూనలున్నాయి. ఐదో నెల. అదే తిండి తింటున్నాయి.  రోజూ చెబుదామని ఫోన్ తీసి, రోజూ నీళ్ళు నమిలి పెట్టేశాను. ఈ సోమవారం కాల్చేయాల్సిన పొట్లాల జాబితా వచ్చింది. శుక్రవారం బండి వస్తుంది. జాబితాలో ఏడోది నాదే. అది కాలిపోతే నేను రాసిన అబద్ధం ఎప్పటికీ నిజమే.

పొట్లం తీసుకుని సారు గదిలోకి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"వచ్చే నెల కొత్త శాంపిల్ వస్తుంది కదమ్మా. తక్కువుంటే అప్పుడు పట్టుకుందాం. పాతది పోనీ. ఇరవై రెండేళ్ళ సర్వీసు నీది."

"వచ్చే నెలకి ఇంకెన్ని కూనల కళ్ళు పోతాయో సార్."

"ఏడాది నాటి సరుకు. చెడిపోయి తక్కువ చూపించిందనైనా అంటారు."

"టారిన్ ఎక్కడికీ పోదు సార్. మీరే నాకు నేర్పారు."

 ఆయన మెషిన్ గది తాళంచెవి నా ముందుకి జరిపారు.

పరీక్ష రెండు రోజులు పట్టింది. మూడుసార్లు చేశాను. పద్దెనిమిది, పదిహేడు, పద్దెనిమిది. ఆ ఏడాది కంపెనీవాళ్ళు టారిన్ పొడి అమ్మేవాణ్ణి మార్చారని తర్వాత తెలిసింది. నేను చేయాల్సిన పని చేసుంటే అది కొత్త కాలమ్ వచ్చిన వారంలోనే తెలిసేది. పాత రిపోర్టు తప్పని, తప్పు నాదని రాసి సంతకం పెట్టి, ఆ కాగితం సారు బల్లమీద పెట్టి, అక్క ఇంటికి వెళ్ళాను.

అక్క మిషన్ మీద జాకెట్టు కుడుతోంది. కూనలు గుడ్డ పేలికల్లో దొర్లుతున్నాయి. వెళ్ళీ వెళ్ళగానే వాటి గిన్నె తీసి చెత్తబుట్టలో ఒంపేశాను. అక్క వింతగా చూసింది. నిలబడే మొత్తం చెప్పాను. షెడ్డు వల్ల కాదని, మందు వల్ల కాదని, మసికి చూపు లేదని, పాత దారి గుర్తుమీద దూకిందని చెప్పాను. అక్క చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"డాక్టరు మాట నువ్వు ఫోన్లో చెప్పిన రోజు నుంచి."

"రెండు నెలలు."

"అవునక్కా."

"రెండు నెలలూ వీటికి అదే పెట్టాను. రోజూ నీతో మాట్లాడుతూనే పెట్టాను."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఒక కూనని ఒళ్ళోకి తీసుకుని దాని కళ్ళముందు వేలు అటూ ఇటూ ఆడించింది. అది వేలుని పట్టుకోబోయింది. అక్క ఊపిరి వదిలింది. తర్వాత నావైపు చూడకుండా అంది.

"నేనొకటి ఎవరికీ చెప్పలేదు. అది తనంతట తను దూకలేదే. కింద బట్టలు ఆరేస్తూ నేనే పిలిచాను. 'మసీ, రామ్మా' అన్నాను. షెడ్డు లేని సంగతి గుర్తొచ్చింది కూడా. మెట్ల మీంచి వస్తుందిలే, దానికి కళ్ళు లేవా అనుకున్నాను."

అక్క మీది బరువు దింపుదామని వెళ్ళిన నేను ఇంకా పెద్దది ఎత్తి పెట్టాను. 

శుక్రవారం అక్క లాబ్‌కి వచ్చింది. ఇంట్లో మిగిలిన సంచి కూడా సాక్ష్యానికి కావాలని సారు అడిగారు. సంచి నా బల్లమీద పెట్టి, స్టూలు మీద కూర్చుంది. కూనలకి డాక్టరు టారిన్ చుక్కలు రాశాడని, కళ్ళు ప్రస్తుతానికి బాగానే ఉన్నాయన్నాడని గోడకి చెబుతున్నట్టు చెప్పింది. నన్ను పేరు పెట్టి పిలవలేదు. నేను రసీదు రాస్తున్నాను. మూడైంది.

బీరువాలో కటుక్కుమంది.

నేను తలెత్తలేదు. ఎత్తింది అక్క. బీరువా నెత్తిమీద గోళ్ళు సర్దుకుంటున్న చోటే అక్క కళ్ళు నిలిచాయి. మొహం ఒక్కసారి విప్పారింది. రోజూ పెరట్లో నిలబడి పైకి చూసినట్టే చూసి, అలవాటుగా నోరు తెరిచింది.

పిలవబోయి, రెండు చేతులతోనూ నోరు మూసుకుంది.