నాలాగే రాసింది

"నీ మెయిల్ వచ్చిందమ్మా. ఇంత మర్యాదగా వద్దన్నవాళ్లని నేనింతవరకూ చూడలేదు" అంది ఆస్పత్రి పెద్ద మేడమ్, మా దుప్పట్ల గది గుమ్మంలో నిలబడి.

అప్పటికి నా చేతిలో దుప్పటి సగం మడతలో ఉంది. ఆస్పత్రి మొత్తానికీ ఉతికిన దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గౌన్లు ఈ గదిలోంచే వెళ్తాయి. మరక పోయిందో లేదో వెలుతురుకు పట్టి చూడటం, చిరిగినవి కుట్టుకు పంపడం, వార్డులవారీగా సర్దడం నా పని. గోడకవతల లాండ్రీ. అక్కడి ఇన్‌ఛార్జి మానేశాక, ఆ లాండ్రీనీ ఈ గదినీ కలిపి నన్ను చూసుకోమన్నారు. ఆలోచించుకుని చెప్పమన్నారు. నేను ఇంకా ఏమీ చెప్పలేదు. ఒప్పుకుంటానని చెబుదామని ఆ ఉదయమే మనసు గట్టి చేసుకుని బయల్దేరాను.

"ఏ మెయిల్ మేడమ్?" అనాలి. అనలేదు. పెద్దవాళ్లు మెచ్చుకుంటే ముందు నవ్వడం నాకు అలవాటు. నవ్వాను.

"లాండ్రీ స్టోరాయనకి ఇద్దామనుకుంటున్నాం. రేపు మీటింగులో తేలిపోతుంది" అంటూ ఆవిడ ఫోను చెవికి పెట్టుకుని వెళ్లిపోయింది.

మూలనున్న కంప్యూటర్లో, నేను పంపిన మెయిల్స్ తెరిచాను. నిన్న సాయంత్రం, నేను అత్తయ్యకు మందులిస్తూ ఉండే వేళకి, నా పేరుతో ఒకటి వెళ్లి ఉంది. "మీ విలువైన సమయం తీసుకుంటున్నందుకు ముందుగా క్షమించండి" అని మొదలైంది. నా మీద ఉంచిన నమ్మకానికి ఎప్పటికీ రుణపడి ఉంటానంది. ఇంట్లో పెద్దావిడ ఆరోగ్యం దృష్ట్యా అంత బరువు మోసే శక్తి నాకు లేదంది. నాకన్నా సమర్థులు ఎందరో ఉన్నారంది. "నా మాట మీ మనసు నొప్పిస్తే చిన్నదాన్నని మన్నించగలరు" అని ముగిసింది. కింద నా పేరు.

మళ్లీ చదివాను. కోపం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం. ఎందుకంటే అందులో నాది కాని మాట ఒక్కటి లేదు. విలువైన సమయం మా అమ్మాయి టీచరుకు నేను రాసిన మాట. రుణపడి ఉండటం మా మరిదికి ఉద్యోగం ఇప్పించినాయనకు, మావారి తరఫున నేను రాసింది. చిన్నదాన్నని మన్నించమన్నది మా ఆడపడుచుకు. ఆవిడ నన్ను నలుగురిలో నానా మాటలూ అన్నాక, "పెద్దది కదా, నువ్వే ఒక మెయిల్ రాసి పడెయ్యి, గొడవొదిలిపోతుంది" అని మావారు అంటే రాశాను. ఇన్నేళ్లుగా ఎక్కడెక్కడ తల వంచానో అక్కడి మాటలన్నీ ఏరుకొచ్చి ఎవరో ఒక్కచోట పేర్చి పెట్టినట్టుంది.

మనం ఒక్క ముక్క చెబితే కంప్యూటరే మెయిలంతా రాసిపెట్టే ఈ ఏఐ సాయం ఆస్పత్రికి వచ్చిన కొత్తలో మేమందరం నవ్వుకున్నాం. ఆస్పత్రి సామాన్ల స్టోరు చూసే స్టోరాయన నోట దయచేసి అన్న మాట పుట్టి బుద్ధెరిగి ఎవరూ వినలేదు. అలాంటిది ఆయన మెయిల్లో తేనె కారడం మొదలైంది. ఆపరేషన్ థియేటరు సిస్టరు ఇదివరకు "గౌన్లు లేవు. నిద్రపోతున్నారా?" అని ఒక్క ముక్క రాసేది. నాకు రోషం వచ్చేది, కానీ పని తెలిసేది. ఇప్పుడు మా సేవలను కొనియాడుతూ ఇంత పొడవున రాస్తుంది. దాంట్లో గౌన్లు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. ఎవరికి కోపం వచ్చిందో, ఎవరికి నిజంగా అవసరమో తెలియదు. ఊరంతా ఒకే దర్జీ దగ్గర ఒకే గుడ్డతో కుట్టించుకున్నట్టు అందరి మెయిల్సూ ఒకటే. ఇంతలో అది మన పాత మెయిల్స్ చదివి అచ్చం మనలాగే రాయడం కూడా నేర్చుకుంది. అది గొప్ప వసతి అన్నారు.

ఇంట్లో కంప్యూటరు అందరిదీ. ఆస్పత్రికీ ఇంటికీ నాకున్నది ఒకటే మెయిల్, అది అందులో ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కరెంటు బిల్లులు, అమ్మాయి స్కూలు కబుర్లు, అత్తయ్య రక్తపరీక్షలు అన్నీ నా పేరుకే వస్తాయి కనక మావారూ చూస్తారు. మొగుడూ పెళ్లాల మధ్య దాపరికం ఏమిటన్నది మా ఇంటి ఆచారం. ఆయన మెయిల్ మాత్రం ఆయన ఫోనులోనే ఉంటుంది. ఈ తేడా ఏమిటని నేనెప్పుడూ అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

సాయంత్రం ఆయన టీవీ చూస్తున్నారు.

"ఏవండీ, ఆస్పత్రికి మెయిల్ మీరు పంపారా?"

"ఆఁ, పంపాను. నువ్వెటూ తేల్చవు కదా."

"నా పేరుతోనా?"

"మరి నా పేరుతో పంపితే వాళ్లకి అర్థమవుతుందా?" అని నవ్వారు. "అయినా నేను రాసింది ఒక్క ముక్కే. ఉద్యోగం వద్దని మర్యాదగా రాయి, అమ్మకి బాగాలేదని చెప్పు అన్నాను. మిగతాదంతా అదే రాసింది. అచ్చం నీలాగే రాసింది. నువ్వు కూర్చుని రాసినా అంత బాగా వచ్చేది కాదు."

"నేను ఒప్పుకుందామనుకున్నాను."

"పొద్దున ఆరింటికల్లా అక్కడుండాలట. అమ్మని లేపి స్నానం ఎవరు చేయిస్తారు? నేనా?"

ఆ "నేనా?"లో వెటకారం లేదు. నిజమైన ఆశ్చర్యం ఉంది. తన తల్లికి తను నీళ్లు పోయడమనేది, మేడ మీంచి దూకడంలాగా, ఎవరూ తలపెట్టని సంగతి ఆయనకి. స్టవ్ మీద పాలు పొంగితే వెళ్లి దించాను.

పక్కగదిలోంచి అత్తయ్య అంది: "నా మీద పెట్టి రాశావేంట్రా? నేనేమన్నా రేపో మాపో పోతున్నానా?"

"నువ్వూరుకో అమ్మా."

"ఊరుకుంటాలే" అని, నన్ను పిలిచింది. "పోనీలే అమ్మాయ్. ఆడదాని ఉద్యోగం చుట్టంలాంటిది. వచ్చామా, నాలుగు రోజులున్నామా అన్నట్టుండాలి గానీ, పెత్తనం అడక్కూడదు."

ఆయన టీవీ గొంతు తగ్గించారు. దయ తలిచినప్పుడు ఆయన అలా తగ్గిస్తారు. "అంత మోజుగా ఉంటే రేపు వెళ్లి మనసు మార్చుకున్నానని చెప్పు. నేనేం అడ్డుపడను. నా పేరు మాత్రం ఎత్తకు. ఇంటి గుట్టు బయట పెట్టకు."

పొద్దున దేవుడి ముందు దీపం వెలిగించి రోజూలాగే కూర్చున్నాను. నేను పెద్దగా చదువుకోలేదు. పాపం పుణ్యం మాత్రం మా అమ్మ నేర్పినంత మేరకు తెలుసు. నా నోటితో అబద్ధం ఆడితే ఆ పాపం నాది. నా పేరుతో, నా మాటలతో, నాకు తెలియకుండా ఎవరో ఆడితే ఎవరిది? ఇప్పుడు నేను వెళ్లి మనసు మార్చుకున్నానంటే, ఆ మెయిల్ నేనే రాశానని ఒప్పుకున్నట్టే కదా. పోనీ నిజం చెబితే, కట్టుకున్నవాడి పరువు నా చేత్తో నేను తీసినట్టు. భర్త మాట కాదనకూడదని విన్నాను, అబద్ధం ఆడకూడదనీ విన్నాను. రెండూ చెప్పినవాళ్లు ఒక్కళ్లే. స్వామీ, రెండింటికీ పోటీ వచ్చినప్పుడు ఏది వదలాలో నాకెవరూ చెప్పలేదేం? చెప్పలేదా, లేక వదలాల్సింది ఎప్పుడూ నేనే కనక చెప్పక్కర్లేదనుకున్నారా? అత్తయ్య పిలిచింది. లేచి వెళ్లి నీళ్లు తోడాను.

ఆస్పత్రిలో మేడమ్ గది తలుపు వేసి ఉంది. "మీటింగు ముందు ఎవరినీ కలవరట. ఏదైనా ఉంటే మెయిల్ పెట్టమన్నారు" అన్నాడు బయట కూర్చున్న ప్యూను.

దుప్పట్ల గదికి వచ్చి రాశాను. "మొన్న సాయంత్రం వచ్చిన మెయిల్ నేను రాయలేదు. నాకు చెప్పకుండా నా భర్త నా పేరుతో పంపారు. లాండ్రీ బాధ్యత నాకు కావాలి. ఆరింటికి వస్తాను. ఆ పని నాకు తెలుసు, చేయగలను."

పంపబోతుంటే మాటల కింద పసుపు గీతలు పడ్డాయి. ధోరణి కటువుగా ఉందంది ఆ రాసిపెట్టేది. కుటుంబ సభ్యుల ప్రస్తావన తీసేస్తే బాగుంటుందంది. ఇలా మార్చమంటారా అని చూపించింది: "కొన్ని కుటుంబ కారణాల వల్ల తీసుకున్న నిర్ణయాన్ని పెద్ద మనసుతో పునఃపరిశీలించగలరని మనవి."

చాలా చక్కగా ఉంది. అందులో ఎవరూ ఎవరికీ ఏమీ చేయలేదు. ఆయన పరువూ దక్కుతుంది, నా మంచితనమూ దక్కుతుంది. నా వేలు దాని మీదికి వెళ్లింది కూడా. ఒక్క నొక్కు చాలు. చెయ్యి వెనక్కి లాక్కుని, నేను రాసింది రాసినట్టే పంపాను. పంపాక గలీబుల మూట మీద కూర్చుండిపోయాను.

భోజనాల వేళకి మేడమ్ దగ్గర్నుంచి జవాబొచ్చింది. పెద్ద జవాబు. నా నిబద్ధతను మెచ్చుకుంది. కుటుంబ బాధ్యతల మధ్య నేను పడుతున్న సంఘర్షణను అర్థం చేసుకుంది. మనసు మార్చుకోవడం సహజమేనని ఓదార్చింది. అయితే నిర్ణయం జరిగిపోయినందున చింతిస్తున్నామంది.

మనసు మార్చుకోవడం! ఆ మాట నేనెక్కడ రాశాను?

ఈసారి ప్యూను ఆపినా ఆగలేదు. లోపల స్టోరాయన కూర్చుని ఉన్నాడు. బల్ల మీద లాండ్రీ తాళాలు.

"మేడమ్, నా మెయిల్ మీరు చదివారా?"

"చదివే కదమ్మా జవాబిచ్చాను."

"అందులో ఏముంది మేడమ్?"

ఆవిడ చిరాగ్గా స్క్రీను నా వైపు తిప్పింది. నా మెయిల్ తెరిచి లేదు. దాని సారాంశమంటూ పైన ఒక్క ముక్క ఉంది: "ఉద్యోగిని మనసు మార్చుకున్నారు, కుటుంబ కారణాలు."

"పొద్దున లేస్తే ఎన్ని మెయిల్సో నీకేం తెలుసు? పైన అది చెప్పిన ముక్క చూస్తాను, అది రాసిచ్చిన జవాబు పంపుతాను. ఇప్పుడందరూ అంతే."

"మరి మొన్నటిదో?"

"అదీ అంతేనమ్మా. మర్యాదగా వద్దన్నారని ఉంది."

అంటే ఆ క్షమాపణలూ, ఆ రుణాలూ, ఎవరూ రాయనివి ఎవరూ చదవలేదన్నమాట. మధ్యలో పోయింది మాత్రం నా ఉద్యోగం.

స్టోరాయన తాళాలు తనవైపు జరుపుకున్నాడు. "అక్కా, మీటింగు అయిపోయింది, తాళాలు కూడా ఇచ్చేశారు. కుటుంబ కారణాలు కుటుంబంలో చూసుకోవాలి గానీ, ఇక్కడికొచ్చి మేడమ్‌ని ఇబ్బంది పెడితే ఎలా?"

"ఆ మెయిల్ తెరవండి మేడమ్."

"ఇప్పుడా?"

"తెరవండి. నేను చదువుతాను."

ఎందుకో ఆవిడ తెరిచింది. కూర్చోమంది, కూర్చోలేదు. మొదటి వాక్యం చదివాను. రెండో దాంట్లో "నా భర్త" దగ్గర ఆగిపోయాను. మళ్లీ మొదటినుంచి చదివాను. స్టోరాయన గోడ వైపు చూశాడు. ప్యూను తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. సాయంత్రానికి ఈ మాట ఆస్పత్రంతా తిరుగుతుంది, రేపటికి మా ఇంటికి చేరుతుంది. ఆయన మొహం ఎలా ఉంటుందో నాకు కనిపిస్తూనే ఉంది.

"చాల్లేమ్మా, నాకు అర్థమైంది" అంది మేడమ్, గొంతు తగ్గించి.

"ఇంకా ఉంది మేడమ్" అన్నాను.