పెళ్లింట్లో యమున పడక

"రాత్రి పొయ్యికాడికి యమున ఉన్నది గదా! పెళ్లంటే దానికి నిద్రే రాదు."

నెక్కొండలో కూతురి పెళ్లి పెట్టుకున్న యమున ఆడబిడ్డ వరలక్ష్మి, తెల్లగుడ్డ మీద సకినం చుడుతూ ఆ మాట అనేసింది. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లంతా తలలూపారు. ఊపరూ మరి! ఈ చుట్టాల్లో ఏ పెళ్లయినా రాత్రంతా పప్పు రుబ్బేదీ, తెల్లారి అందరికీ చాయ్ అందించేదీ యమునే. ఆమె కళ్లకు దేవుడు రెప్పలు పెట్టడం మరిచాడని ఒట్టేసి చెప్పేవాళ్లు కూడా ఉన్నారు.

అసలు సంగతి యమున గురక. మొగుడు సదానందం లెక్కలోనైతే, ఆ గురకకు జడుసుకుని వరంగల్ స్టేషన్లో ఆగాల్సిన రైలు కాజీపేట దాకా ఆగకుండా పోయింది. దుకాణంలో గిరాకీలకు ఈ కథ చెప్పి నవ్వించేవాడు. ఆయన గురక పెట్టడా? పెడతాడు. అది పొద్దంతా కష్టపడ్డ మగాడి నిద్ర. ఇల్లూ వాకిలీ చక్కబెట్టుకుని ఆమె పెట్టేది మాత్రం పరువు తీసే చప్పుడు. "చుట్టాల నడుమ పండుకోకు బిడ్డా, నవ్వుతరు" అని కాపురానికొచ్చిన కొత్తలోనే అత్త చిలుకమ్మ చెవిలో వేసింది. సిగ్గుతో మేలుకుంటే పనిమంతురాలన్నారు. ఆ పొగడ్త తియ్యగానే ఉండేది, అదే తంటా.

ఈమధ్య కూర కలుపుతూ నిలబడే కునుకు పట్టి తూలిపడబోయి, హన్మకొండలో నిద్ర పరీక్ష చేయించుకుంది. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతోందన్నారు. ముక్కుకు తగిలించే గాలి మిషను ఆమెకు పడలేదు. అప్పుడు పళ్ల డాక్టరమ్మ అచ్చు తీసి, పైపళ్లకూ కిందిపళ్లకూ తొడుగులు చేసిచ్చింది. పెట్టుకుంటే కింది దవడ కాస్త ముందుకు జరిగి ఊపిరికి దారి ఇస్తుంది. "గురకకు పండ్ల సెట్టానే? ఉన్నయి చాలవా?" అని సదానందం నవ్వాడు. మొదట్లో దవడలు గుంజాయి. తర్వాత ఒక పొద్దున తలనొప్పి లేకుండా లేచి, ఇన్నాళ్లూ తను నిద్రనుకున్నది నిద్రే కాదని తెలుసుకుంది.

యమున చేతుల పిండి కడుక్కుని, సంచిలోంచి తొడుగుల డబ్బా తెచ్చి సకినాల పక్కనే మూత తెరిచింది.

"రాత్రి నేను పండుకుంట వదినె. నాకు గురకొస్తది. గందుకే ఇన్నేండ్లు మీ పొయ్యిలకాడ కూసున్న, పనంటే పాణమని కాదు. ఇగో, ఇది నా మందు. పనికి మనిషిని పెట్టుకో."

సకినాలు చుడుతున్న చేతులు ఆగిపోయాయి. గుమ్మంలో సదానందం గొంతు తగ్గించి, "ఏందే, అందరి ముంగట ఇజ్జత్ తీస్తానవ్?" అన్నాడు.

"గిరాకీల ముంగట పోని ఇజ్జత్, మనోళ్ల ముంగట పోతదా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మూలన కూర్చున్న చిలుకమ్మ మాత్రం నవ్వలేదు. డబ్బా ఒళ్లోకి తీసుకుని, తొడుగును వేలితో నిమిరింది.

"నేను గూడ గిట్లనే మేల్కొన్న బిడ్డా, నా అత్త చెప్పిందని. నాకు పండ్లున్నప్పుడు ఇది లేకపాయె."

యమున కాసేపు ఆ బోసినోటిని చూసింది. తర్వాత లేచి, హాలు నట్టనడుమ రెండు పరుపులు పరిచింది.

"పొద్దుగూకంగనే వచ్చి పండుకో అత్తమ్మా. తొడుగు లేకుంటే మానె, నీకొచ్చినంత గట్టిగ గురక పెట్టు. నవ్వేటోళ్లను బయట పండుకొమ్మందాం."