బొగ్గు పొడి అన్న డాక్టరు

బొగ్గుబాయి కూలీ సదయ్య పొట్ట మీద కాంట్రాక్టరు దవాఖాన డాక్టరు చెయ్యైనా వెయ్యలేదు. దొడ్డికి నల్లగా వస్తోందని, నడిస్తే కళ్లు తిరుగుతున్నాయని సదయ్య సిగ్గుపడుతూ చెప్పుకున్నాడు. "బొగ్గు పొడి మింగేవాడికి నల్లగా కాక తెల్లగా వస్తుందా?" అని డాక్టరు నవ్వి బలం గోలీలిచ్చి పంపేశాడు. పక్కనున్న భార్య సారవ్వ కూడా నిజమేననుకుంది. బొగ్గుబాయి ఇళ్లలో అందరూ అనుకునేదే అది! దుమ్ము కడుక్కుపోతుందని ఏడాదంతా మొగుడికి బెల్లం తినిపించింది.

సదయ్య షిఫ్టులో కుప్పకూలాక హైదరాబాదు తీసుకుపోతే, పెద్దపేగు క్యాన్సరన్నారు. నల్లగా పోయింది బొగ్గు కాదు, నెత్తురు. మొదట్లోనే వస్తే కోసి తీసేసేవాళ్లమని, ఇప్పుడు కాలేయానికి పాకిందని చెప్పారు. సారవ్వ వకీలు దగ్గరికి పోయింది.

వినియోగదారుల ఫోరంలో కేసు వెయ్యొచ్చని కరీంనగర్ వకీలు విద్య చెప్పింది. దవాఖాన పేరుతో కూలిలో కోత పడుతోంది కనుక అది ఉచిత వైద్యం కాదు, కేసు నిలుస్తుందంది. కానీ ఆ దవాఖాన చీటీ ముక్కైనా ఇవ్వదు. అందుకే డాక్టరు చేత అదే మాట అనిపించుకున్నవాళ్లు ఇంకొందరు సాక్ష్యానికి రావాలి.

ఈలోగా కాంట్రాక్టరు మనిషి ఇంటికొచ్చాడు. దవాఖానలో తాను ఎన్నడూ రోగం చెప్పుకోలేదని సదయ్య సంతకం పెడితే కొడుకు వీరేందర్‌ను పనిలో పెట్టుకుంటారట. లేకపోతే ఈ చుట్టుపక్కల వాడికి పనే పుట్టదట.

సదయ్యతో ఒకే షిఫ్టు చేసే సారవ్వ తమ్ముడు మొగిలి సంతకం పెట్టించమనే అన్నాడు. "బావ ఎట్లైన దక్కడక్కా. పిలగాని బతుకు జూడు."

మంచంలో మూలుగుతున్న సదయ్యే సారవ్వతో అన్నాడు. "చెప్పలేదని ఎట్ల రాస్తనే? నువ్వు పక్కన్నే ఉంటివి గద."

మర్నాడు బాయి గేటు దగ్గర కూలీల మీటింగులో సారవ్వ మైకు అందుకుంది. ఆడదానివి, గీ ముచ్చట గేటుకాడనా అని ఎవరో కసిరారు.

"గీ సిగ్గే మా ఆయన పానం దీస్తున్నది. బొగ్గు పొడే అని డాక్టరు ఇంకెవలికి జెప్పిండు? చెయ్యి లేపుండ్రి."

ఒక్క చెయ్యీ లేవలేదు. కాంట్రాక్టరు మనిషి ఒక్కొక్కరి మొహం చూస్తున్నాడు. అయ్యో, ఇంతమందిలో ఒక్కడు లేడా అని సారవ్వ కుమిలిపోయింది.

అప్పుడు మొగిలి తల వంచుకుని చెయ్యెత్తాడు. "నాకు సుత అక్కా. బెల్లమే తింటున్న."

సారవ్వ మైకు దించింది. తోడబుట్టినవాడు తనకైనా చెప్పలేదే! ఆ వెనకే ఇంకో చెయ్యి లేచింది, తర్వాత గుంపులో అక్కడక్కడా లేచాయి. చెయ్యెత్తినోళ్లకు రేపటినుంచి డ్యూటీ లేదని కాంట్రాక్టరు మనిషి అరిచాడు. ఎవరూ దించలేదు. అందరికీ పరీక్షలు చేయించేదాకా బాయిలోకి దిగేది లేదని దారికి అడ్డంగా కూర్చున్నారు.

మధ్యాహ్నానికి పోలీసులొచ్చి మొదట చెయ్యెత్తిన మొగిలిని జీపెక్కించారు. సారవ్వ చక్రాల ముందు పడుకుంది.

"ఠాణాకు గాదు. వీన్ని ముందుగాల పెద్ద దవాఖానకు తోల్కపోండ్రి."

జీపు చుట్టూ జనం నిండిపోయారు.