బీడీల బట్టీలో ఏడు సీసాలు

తొంభై తొమ్మిది, మే నెల. తెల్లవారుజామున కొట్టిన గాలివానకు నిజామాబాద్‌లో సగం ఊరికి కరెంటు పోయింది. లెక్చరర్ రాధాబాయి కాలేజీ ల్యాబు తలుపు తీసేసరికి వేడినీళ్ల తొట్టిలో థర్మామీటరు నలభై ఎనిమిది దగ్గర ఉంది. ఉండాల్సింది యాభై ఐదు.

తొట్టిలో ఏడు సీసాలు. బోధన్ వైపు ఒక సారా ఫ్యాక్టరీ వెనక, పొగలు కక్కే మడ్డినీళ్ల గుంటలోంచి తెచ్చిన నల్లటి బురద వాటిలో ఉంది. ఆ బురదలోని సూక్ష్మజీవులకు గాలి అక్కర్లేదు, ఒళ్లు కాలే వేడి కావాలి. బెంజోయేట్ అనే పదార్థం వేస్తే, ఆరు కార్బన్లు ఉంగరంలా బిగుసుకున్న కట్టును మెల్లగా తెంపి తింటాయి. ఐదు నెలలుగా అదే పని. ఇంకో పది రోజులాగితే చివరి పరీక్ష చేయొచ్చు.

చల్లబడితే అవి వెంటనే చావవు, మందగిస్తాయి. ఆమె భయం వేరు. లోపలి గ్యాసు చల్లారి కుంచించుకుపోతే పాత రబ్బరు బిరడాల సందుల్లోంచి బయటి గాలిని లాగేస్తుంది. గాలి తగిలితే అవి బతకవు. అది కనిపెట్టడానికే ప్రతి సీసాలో ఒక మందు కలిపింది. గాలి సోకితే బురదపైన తేరిన నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి.

కరెంటాఫీసుకు ఫోన్ చేస్తే స్తంభాలు పడ్డాయని, సాయంత్రందాకా కరెంటు రాదని చెప్పారు.

ఆమెకు తల్లి శంకరమ్మ బీడీలు చుట్టి ఇచ్చే కార్ఖానా గుర్తొచ్చింది. చుట్టిన బీడీలను అక్కడ బట్టీలో వేడికి ఆరబెడతారు. స్టవ్ మీద కాచిన నీళ్లు డబ్బాలో పోసి, సీసాలు అందులో ఉంచి, దుప్పటి చుట్టి రిక్షా ఎక్కింది.

బట్టీ చూసే దశరథం అనుమానంగా చూశాడు. “గివి పేల్తయా బిడ్డా?”

రాధాబాయి అబద్ధమాడలేదు. “లోపల గ్యాసు పుడుతది కాకా. వేడెక్కువైతే పేలొచ్చు. నేను ఈడ్నే కూసుంట.”

దశరథం తల అడ్డంగా ఊపాడు. బీడీలు అప్పజెప్పడానికొచ్చిన శంకరమ్మ గంప కింద పెట్టింది. “ముప్పై ఏండ్లు గీ కార్ఖానకే చేసిన దశరథన్నా. ఒక్క పూట జాగ అడుగుతున్న, గంతే.”

అతను ఒక అర ఖాళీ చేసిచ్చాడు.

కాసేపటికే థర్మామీటరు అరవై రెండుకెక్కింది. దశరథం గబగబా నిప్పులు బయటికి లాగాడు. అప్పటికే మూడు బిరడాలు ఉబ్బాయి. గ్యాసు వదలకపోతే సీసాలు పగులుతాయి, వదిలేటప్పుడు చెయ్యి తడబడితే గాలి చొరబడుతుంది. రాధాబాయి సిరంజి సూది తీసి మొదటి బిరడాలో గుచ్చింది. సుయ్‌మంది. వెంటనే సూది లాగేసింది. రెండోది కూడా సరిగ్గానే అయింది. మూడోదానికి చెమటకు వేళ్లు జారాయి, పాత రబ్బరు చీలింది. చూస్తుండగానే నీళ్లలో గులాబీ జీర పాకింది.

“ఏమైంది?” అన్నాడు దశరథం.

“సచ్చిపోయినయి.”

 అతను ఇంకొన్ని నిప్పులు తీసేసి, తనే వంగి థర్మామీటరు చూశాడు. శంకరమ్మ ఇంటికి పోలేదు, గుమ్మంలోనే కూర్చుంది. అయిదున్నరకు కరెంటొచ్చిందని కబురు తెలిసేదాకా ముగ్గురూ బట్టీని వదల్లేదు.

పది రోజుల తర్వాత మిగిలిన ఆరు సీసాలను పరీక్షించింది. వాటిలో రెండింట్లో, పోల్చి చూడటానికని, బురదను మొదట్లోనే మరగబెట్టి సూక్ష్మజీవులను చంపేసింది. వాటిలో బెంజోయేట్ వేసింది వేసినట్టే ఉంది. మిగతా నాలుగింట్లో మూడింటిలో బెంజోయేట్ దాదాపు లేదు. ఒకదాంట్లో సగం మిగిలింది.

ఆ మాట చెప్పడానికి బట్టీ దగ్గరికి పోయింది.

“గాలి లేకుంట, గంత వేడిల ఎట్ల తింటయి బిడ్డా?” అనడిగాడు దశరథం.

“నాకూ పూరా తెల్వదు కాకా,” అంది రాధాబాయి. “తింటున్నయని మాత్రం ఎవరికన్న సూపిస్త ఇప్పుడు.”